వైఫై ఉంది, నెట్ లేదు: ఫోన్‌లో తేడా ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

నెట్ ఆగిపోగానే చాలామంది చేతికి తోచిందల్లా చేసేస్తారు. వైఫై ఆపి మళ్లీ వేస్తారు, ఫోన్ రీస్టార్ట్ చేస్తారు, అప్పటికీ రాకపోతే రౌటర్ వెనకున్న చిన్న బెజ్జంలో పిన్ను పెట్టి నొక్కుతారు. మొదటి రెండింటితో పోయేదేమీ లేదు. ఆ బెజ్జం జోలికి మాత్రం వెళ్లకండి. అది రీసెట్ బటన్. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మీరు పెట్టుకున్న వైఫై పేరు, పాస్‌వర్డ్‌తో పాటు ఇంటర్నెట్ కంపెనీవాళ్లు రౌటర్‌లో నింపి వెళ్లిన లాగిన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పటిదాకా ఒక్క ఫోన్‌కి రాని నెట్ ఆ తర్వాత ఇంట్లో ఎవరికీ రాదు.

ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలిలో ఒక దారి ఉంది. రౌటర్ నుంచి ఇంటర్నెట్ కంపెనీ దాకా తీగలో ఇంకో దారి. అక్కడి నుంచి మీరు తెరవాలనుకున్న సైటు దాకా మరో దారి. వీటిలో ఏది తెగినా స్క్రీన్ మీద తిరిగే చక్రం ఒకేలా తిరుగుతుంది. కాబట్టి ముందు తెగింది ఎక్కడో తేల్చుకోవాలి. అది తెలిశాక సరిచేయడం చాలాసార్లు రెండు నిమిషాల పని. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చిన వెంటనే పరీక్షించండి. నాలుగు సెట్టింగ్స్ ఒకేసారి మార్చేస్తే, నెట్ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలియదు. రేపు మళ్లీ పోతే కథ మొదటికొస్తుంది.

మొదటి అడుగు: తేడా ఎవరిది?

రెండు పరీక్షలు చాలు. అదే వైఫైకి ఇంకో ఫోన్‌నో ల్యాప్‌టాప్‌నో కలిపి చూడండి. తర్వాత ఇబ్బంది పెడుతున్న ఫోన్‌ని వేరే నెట్‌వర్క్‌కి, అంటే పక్కవాళ్ల ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి.

మిగతా పరికరాలకీ నెట్ రాకపోతే మీ ఫోన్‌ని వదిలేయండి, తేడా రౌటర్‌లోనో లైన్‌లోనో ఉంది. మిగతావాటికి వచ్చి మీ ఫోన్‌కి రాకపోతే, పైగా హాట్‌స్పాట్ మీద కూడా రాకపోతే, తేడా ఫోన్‌లోనే. హాట్‌స్పాట్ మీద బాగా పనిచేస్తూ ఇంటి వైఫై మీద మాత్రమే మొరాయిస్తుంటే, ఆ ఫోన్‌కీ ఆ రౌటర్‌కీ మధ్య ఏదో కుదరడం లేదన్నమాట. వైఫై మీదా మొబైల్ డేటా మీదా రెండింటి మీదా రాకపోతే వెంటనే అనుమానించాల్సినవి మూడు: వీపీఎన్ (ఫోన్ నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పి పంపే యాప్), ప్రైవేట్ డీఎన్‌ఎస్, ఫోన్‌లో తేదీ. వాటి సంగతి కింద వివరంగా చెప్తాను.

తేడా లైన్‌లో ఉందనిపిస్తే రౌటర్ లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతోందా? అంటే ఫైబర్‌లో రావాల్సిన వెలుతురు మీ పెట్టె దాకా రావడం లేదు. సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో, సాకెట్‌లోంచి వదులైందేమో చూడండి. అలా లేకపోతే కంపెనీకి ఫోన్ చేసి, ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందని చెప్పండి. నెట్ రావట్లేదని చెప్పడం కంటే ఈ ఒక్క మాటతో పని త్వరగా కదులుతుంది. ఫోన్ సెట్టింగ్స్ ఎంత కెలికినా ఆ ఎర్ర లైటు ఆరదు.

లైట్లు బాగానే ఉంటే రౌటర్‌ని రీస్టార్ట్ చేయండి. ప్లగ్ తీసి అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. బయటి లైను వచ్చి కలిసే మోడెమ్ లేదా ఓఎన్‌టీ పెట్టె విడిగా ఉంటే ముందు దాన్ని పెట్టి, లైట్లు నిలకడగా వెలిగాక రౌటర్‌ని పెట్టాలి. రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి.

రెండో అడుగు: ఫోన్ ఏమంటోందో చదవండి

వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్లి నెట్‌వర్క్ పేరు కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. అక్కడ సగం జవాబు దొరుకుతుంది. అసలు పేరే కనబడకపోవడం, పాస్‌వర్డ్ తప్పనడం, ఐపీ అడ్రస్ తెచ్చుకుంటున్నానంటూ అక్కడే ఆగిపోవడం, కనెక్ట్ అయ్యి కూడా ఇంటర్నెట్ లేదనడం: ఇవి నాలుగూ నాలుగు వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

వీటిలో దేనికైనా ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి, పది సెకన్లు ఆగి తీసేయండి. దీంతో మామూలుగా ఫోన్‌లోని వైఫై, మొబైల్ రేడియోలు ఆగి మళ్లీ మొదలవుతాయి. ఐఫోన్ వాడేవాళ్లకి ఇక్కడొక విషయం చెప్పాలి. పై నుంచి కిందకి లాగితే వచ్చే కంట్రోల్ సెంటర్‌లో వైఫై గుర్తు నొక్కితే వైఫై పూర్తిగా ఆగదు, ఉన్న నెట్‌వర్క్ నుంచి విడిపోతుంది అంతే. మర్నాడు ఉదయం 5 గంటలకి తనంతట తానే మళ్లీ కలుపుకుంటుంది. నిజంగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై స్విచ్ ఆపాలి.

వైఫై పేరే కనబడకపోతే

రౌటర్ దగ్గరికి వెళ్లి చూడండి. దగ్గర కనబడితే అది దూరం సమస్య. దగ్గరున్నా కనబడకపోతే బ్యాండ్ అనుమానించాలి. వైఫై ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది. కొత్త రౌటర్లలో 6 గిగాహెర్ట్జ్ కూడా ఉంటుంది. పాత ఫోన్లు, చవక ఫోన్లు కొన్ని 2.4 మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో 5 మాత్రమే ఆన్ చేసి ఉంటే వాటికి ఆ పేరు కనబడనే కనబడదు. (రౌటర్ పేజీ ఎలా తెరవాలో కింద ‘గేట్‌వే’ దగ్గర చెప్తాను.)

ఛానల్ వల్ల, అంటే బ్యాండ్‌లో రౌటర్ ఎంచుకున్న చిన్న భాగం వల్ల కూడా ఇలా జరుగుతుంది. 2.4 బ్యాండ్‌లో 12, 13 ఛానళ్లని కొన్ని దేశాల్లో వాడరు. అక్కడి కోసం తయారైన ఫోన్ ఆ ఛానళ్లలో ఉన్న రౌటర్‌ని పట్టుకోలేకపోవచ్చు. రౌటర్‌లో ఛానల్‌ని 1, 6, 11లలో ఒకదానికి మారిస్తే సరిపోతుంది. రీస్టార్ట్ చేశాక 2.4 పేరు వెంటనే వచ్చి, 5 పేరు ఒక నిమిషం ఆలస్యంగా వస్తోందా? టెన్షన్ పడకండి. 5 బ్యాండ్‌లో కొన్ని ఛానళ్లని రాడార్లు కూడా వాడతాయి. ఆ ఛానల్ ఎంచుకున్న రౌటర్, చుట్టుపక్కల రాడార్ ఉందేమోనని కనీసం 60 సెకన్లు విని గానీ ప్రసారం మొదలుపెట్టకూడదు.

ఇక రౌటర్‌లో పేరు దాచిపెట్టి ఉంటే జాబితాలో రాదు. ఫోన్‌లో ‘యాడ్ నెట్‌వర్క్’ నొక్కి పేరు చేత్తో టైప్ చేయాలి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా కలవట్లేదు

పాస్‌వర్డ్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి కనబడేలా చేసి టైప్ చేయండి. సున్నాకీ ఓ అక్షరానికీ, చిన్న ఎల్‌కీ ఒకటికీ తేడా అక్కడ తెలుస్తుంది. ఇంకో ఫోన్ అప్పటికే కలిసి ఉంటే టైప్ చేసే బాధ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై పేరు మీద నొక్కి ‘షేర్’ అంటే క్యూఆర్ కోడ్ వస్తుంది, దాన్ని రెండో ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు.

రౌటర్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటే ఫోన్ ఇంకా పాతదే పట్టుకుని కూర్చుంటుంది. నెట్‌వర్క్ పేరు మీద నొక్కి ‘ఫర్గెట్’ చేసి మళ్లీ కలపండి. ఫర్గెట్ చేసే ముందు పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి.

పాస్‌వర్డ్ నూటికి నూరుపాళ్లు సరైనదే అయినా ఒప్పుకోకపోతే, రౌటర్‌లో సెక్యూరిటీ రకం చూడాలి. డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై సెక్యూరిటీ 2018లో వచ్చింది. రౌటర్‌లో అదొక్కటే పెట్టి ఉంటే దాన్ని అర్థం చేసుకోలేని పాత ఫోన్లు బయటే ఉండిపోతాయి. రౌటర్ సెట్టింగ్స్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉన్న రకం ఎంచుకోండి. పాత ఫోన్ కోసం సెక్యూరిటీ మొత్తం తీసేసి ఓపెన్‌గా పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి.

మాక్ అడ్రస్ గొడవ కూడా ఇక్కడే తగులుతుంది. ప్రతి ఫోన్‌కీ ఫ్యాక్టరీలో ఇచ్చిన ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, అదే మాక్ అడ్రస్. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మన ప్రైవసీ కోసం అసలు నంబరు దాచి, నెట్‌వర్క్‌కొక వేరే నంబరు చూపిస్తున్నాయి. రౌటర్‌లో ఫలానా నంబర్లనే అనుమతించాలని ఫిల్టర్ పెట్టుకున్న ఇళ్లలో, ఆఫీసుల్లో ఇది చిక్కు తెస్తుంది. ఫోన్ పాతదే, రౌటర్‌కి మాత్రం కొత్త ముఖం. ఆ ఒక్క నెట్‌వర్క్‌కి మాత్రం ప్రైవసీ ఆప్షన్‌లో ‘ఫోన్ మాక్’ ఎంచుకుంటే, ఐఫోన్‌లో ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆపితే లోపలికి రానిస్తుంది.

ఐపీ అడ్రస్ దగ్గర ఆగిపోతే

రౌటర్ తనకి కలిసే ప్రతి పరికరానికీ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది. ఇంటి రౌటర్లలో అది తరచుగా 192.168తోనో, కొన్నిచోట్ల 10తోనో మొదలవుతుంది. వైఫై పేరు పక్కనున్న గేరు గుర్తు, ఐఫోన్‌లో నీలం ఐ గుర్తు నొక్కితే మీ ఫోన్‌కి వచ్చిన అడ్రస్ కనబడుతుంది. ఐఫోన్‌లో అక్కడ 169.254తో మొదలయ్యే అంకెలుంటే, రౌటర్ ఏమీ ఇవ్వకపోవడంతో ఫోన్ తనకి తానే ఒక అడ్రస్ పెట్టుకుందని అర్థం. దాంతో నెట్ రాదు. ఆండ్రాయిడ్ అయితే అడ్రస్ దొరకలేదని చెప్పి విడిపోతుంది.

ఎక్కువసార్లు రౌటర్ రీస్టార్ట్‌తో ఇది పోతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే రౌటర్ దగ్గర ఇవ్వడానికి అడ్రస్‌లు అయిపోయాయేమో చూడండి. రౌటర్‌లో అడ్రస్‌లు పంచే సంగతి చూసే డీహెచ్‌సీపీ అనే పేజీలో ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అని ఉంటుంది. ఆ పరిధి చిన్నగా ఉండి, ఇంట్లో ఫోన్లు, టీవీలు, కెమెరాలు ఎక్కువైతే చివర వచ్చినవాళ్లకి చోటుండదు. పరిధి పెంచండి. మీ ఫోన్‌లో ఐపీ సెట్టింగ్స్ ‘స్టాటిక్’ అని ఉంటే ‘డీహెచ్‌సీపీ’కి మార్చడం కూడా మర్చిపోకండి.

కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు

అందరినీ ఎక్కువ విసిగించేది ఇదే. ఫోన్‌కి నెట్ లేదని ఎలా తెలుస్తుందో ముందు చూద్దాం. వైఫైకి కలవగానే ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌లో ఒక చిన్న చిరునామాని పలకరిస్తుంది. అక్కడి నుంచి 204 అనే ఖాళీ జవాబు వస్తే నెట్ ఉన్నట్టు. జవాబు బదులు ఇంకేదో పేజీ వస్తే, మధ్యలో లాగిన్ అడుగుతున్నారని అర్థం చేసుకుని ‘సైన్ ఇన్’ నోటిఫికేషన్ చూపిస్తుంది. ఏమీ రాకపోతే ఇంటర్నెట్ లేదంటుంది. ఐఫోన్ కూడా యాపిల్ సర్వర్‌తో ఇలాగే చేస్తుంది.

అందుకే హోటళ్లు, స్టేషన్లు, ఎయిర్‌పోర్టుల వైఫైలో లాగిన్ పేజీ రాకపోతే నెట్ రాదు. పేజీ దానంతట అది రాకపోతే వీపీఎన్ ఆపి, ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ని ‘ఆటోమేటిక్’కి మార్చి, నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కలవండి. ఆ రెండూ ఆ పేజీని ఫోన్ దాకా రానివ్వకుండా అడ్డుపడతాయి.

ఇంటి వైఫై మీద ఇదే మాట వస్తే ఈ వరసలో వెళ్లండి.

1. నెట్‌వర్క్ వివరాల్లో ‘గేట్‌వే’ అని (ఐఫోన్‌లో ‘రౌటర్’ అని) ఉన్న నంబరు చూడండి. 192.168.1.1, 192.168.0.1 లాంటిది ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో టైప్ చేయండి. రౌటర్ లాగిన్ పేజీ తెరుచుకుంటే ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య దారి బాగుంది. ఫోన్ వైఫైని ఇక అనుమానించనక్కర్లేదు.

2. ఇదే వైఫై మీద మిగతా పరికరాలకి నెట్ వస్తోందా? వస్తుంటే ఫోన్‌లో వీపీఎన్ ఆపండి. యాడ్ బ్లాకర్ యాప్‌లు కొన్ని లోపల వీపీఎన్‌లాగే పనిచేస్తాయి, వాటినీ ఆపండి.

3. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ ఉంటుంది. ఆండ్రాయిడ్ 9తో వచ్చింది. కొన్ని ఫోన్లలో ఇది ‘మోర్ కనెక్షన్స్’ లోపల ఉంటుంది. దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైనున్న వెతుకు పెట్టెలో డీఎన్‌ఎస్ అని కొట్టండి. దాన్ని ‘ఆటోమేటిక్’లో పెట్టండి.

4. తేదీ, సమయం చూడండి. ‘ఆటోమేటిక్’ ఆన్‌లో ఉండాలి.

మూడోది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. సైటు పేరుని నంబరుగా మార్చి చెప్పేది డీఎన్‌ఎస్ సర్వర్. ఎప్పుడో ప్రకటనలు ఆపడానికి ఎవరో చెప్పారని ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో ఒక సర్వర్ పేరు పెట్టి మర్చిపోతాం. ఆ సర్వర్ మూతపడిన రోజున ఫోన్ ఇంకో సర్వర్‌ని అడగదు. మీరు ఫలానా సర్వరే అన్నారు కాబట్టి అక్కడే ఆగిపోతుంది. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, రౌటర్ పేజీ తెరుచుకుంటుంది, కానీ ఒక్క సైటూ రాదు. మొబైల్ డేటాకి మారినా రాదు. ఫోనే పాడైందనుకుని ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్లేది ఇలాంటప్పుడే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

తేదీ సంగతి కూడా అంతే. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పక్కన పడి ఉన్న ఫోన్‌లో తేదీ వెనక్కి వెళ్లిపోయి ఉండొచ్చు. ప్రతి సైటుకీ ఒక సెక్యూరిటీ సర్టిఫికెట్, దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువు ఉంటాయి. ఫోన్ తేదీ ఆ గడువు బయట ఉంటే ఫోన్ ఆ సైటుని నమ్మదు. సైట్లు భద్రం కాదని హెచ్చరికలు వస్తాయి, యాప్‌లు తెరుచుకోవు.

ఇంట్లో అందరికీ కొన్ని సైట్లు మాత్రమే రాకపోతే కంపెనీ ఇచ్చే డీఎన్‌ఎస్ సర్వర్ నిదానించి ఉండొచ్చు. రౌటర్‌లో డీఎన్‌ఎస్ దగ్గర 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. మొదటిది క్లౌడ్‌ఫ్లేర్‌ది, రెండోది గూగుల్‌ది. రౌటర్ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే ఐఫోన్‌లో ఆ నెట్‌వర్క్ వివరాల్లోనే ‘కాన్ఫిగర్ డీఎన్‌ఎస్’ను ‘మాన్యువల్’ చేసి ఇవే పెట్టొచ్చు.

నెట్ వస్తోంది, కానీ నెమ్మది, తెగిపోతోంది

స్క్రీన్ మీద కనిపించే గీతల్ని మరీ నమ్మకండి. సిగ్నల్‌ని డీబీఎంలో కొలుస్తారు, అంకె ముందు మైనస్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై ఎనలైజర్ తరహా యాప్‌లు చాలా ఉన్నాయి. ఐఫోన్‌లో యాపిల్ వాళ్ల ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ యాప్‌కి సెట్టింగ్స్‌లో ‘వైఫై స్కానర్’ ఆన్ చేస్తే అంకెలు చూపిస్తుంది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 చుట్టుపక్కల ఉండాలి. మైనస్ 80 దగ్గర కనెక్ట్ అయినట్టు కనబడుతుంది గానీ పని జరగదు. ప్రతి 10 డీబీఎం తగ్గుదలకీ ఫోన్‌కి అందే శక్తి పదో వంతుకి పడిపోతుంది. అంటే మైనస్ 50 నుంచి మైనస్ 70కి వస్తే అందేది నూరో వంతు.

ఈ యాప్ తెరిచి ఫోన్ చేత్తో పట్టుకుని గది గది తిరగండి. రౌటర్ ఉన్న గదిలో మైనస్ 40 చూపించింది తలుపు దాటగానే మైనస్ 55 అవుతుంది. ఫ్రిజ్ వెనక్కో బీరువా వెనక్కో వెళ్తే ఒక్కసారి జారిపోతుంది. లోహం, కాంక్రీటు, నీళ్లు వైఫై తరంగాల్ని బాగా అడ్డుకుంటాయి. పెద్ద అద్దం వెనకున్న పూత కూడా లోహమే. రౌటర్‌ని టీవీ వెనక, అల్మారాలో, నేల మీద పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో, నాలుగు వైపులా ఖాళీగా ఉండే చోట పెడితే, కొత్త పరికరమేదీ కొనకుండానే తేడా తెలుస్తుంది.

రౌటర్ దగ్గరలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వాడండి, వేగం ఎక్కువ. గోడల అవతల ఉంటే 2.4 మెరుగు, అది గోడలు దాటుకుని ఎక్కువ దూరం వస్తుంది. 2.4తో చిక్కేమిటంటే దాన్ని వాడేవాళ్లు ఎక్కువ. బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఓవెన్ తిరుగుతున్నప్పుడే వీడియో ఆగుతోందంటే కారణం వెతకనక్కర్లేదు, 5కి మారిపోండి. అపార్ట్‌మెంట్‌లో 2.4 తప్పనిసరి అయితే 1, 6, 11 ఛానళ్లలో రద్దీ తక్కువున్నది ఎంచుకోండి. ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే.

సిగ్నల్ బాగానే ఉన్నా ఫోన్ మాటిమాటికీ మొబైల్ డేటాకి గెంతుతుంటే, అది వైఫైని తప్పించడానికి పెట్టిన సెట్టింగ్ కావచ్చు. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీ అడుగున ‘వైఫై అసిస్ట్’ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకి తనంతట తానే మారే ఆప్షన్ ఉంటుంది, కంపెనీని బట్టి పేరు మారుతుంది. ఆపి చూడండి. స్క్రీన్ ఆరినప్పుడే మెసేజ్‌లు ఆగిపోతుంటే బ్యాటరీ సేవర్ తీసేసి, ఆ యాప్‌కి బ్యాటరీ పరిమితి ఎత్తేయండి.

హాట్‌స్పాట్ మీద రెండో ఫోన్ కలవకపోతే హాట్‌స్పాట్‌ని 2.4 బ్యాండ్‌కి మార్చండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి మోడళ్లలో ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేస్తే అదే పని జరుగుతుంది.

ఇవేవీ కుదరకపోతే

సిస్టమ్ అప్‌డేట్ ఉందేమో చూసి వేయండి. తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ అని వెతికితే వైఫై, బ్లూటూత్ రీసెట్ ఆప్షన్ వస్తుంది. ఐఫోన్‌లో ‘జనరల్’, ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్’, ‘రీసెట్’ లోపల ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’. ఫొటోలు, యాప్‌లు ఎక్కడికీ పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, బ్లూటూత్ జతలు కూడా పోవచ్చు. కాబట్టి ముందే రాసుకోండి.

ఫ్యాక్టరీ రీసెట్ గురించి ఆలోచించే ముందు వైఫై స్విచ్‌నే గమనించండి. నొక్కినా ఆన్ కాకుండా బూడిద రంగులో ఉండిపోతోందా? ఫోన్ వివరాల పేజీలో వైఫై మాక్ అడ్రస్ ఉండాల్సిన చోట ఖాళీగా గానీ, అందుబాటులో లేదని గానీ ఉందా? రీస్టార్ట్ చేసి, అప్‌డేట్ వేశాక కూడా అలాగే ఉంటే లోపలి చిప్ పోయి ఉండే అవకాశమే ఎక్కువ. కింద పడ్డాకో, నీళ్లు తగిలాకో మొదలైతే అనుమానం ఇంకా బలపడుతుంది. అలాంటప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే డేటా పోతుంది, వైఫై మాత్రం రాదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి. ఇచ్చే ముందు కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి ఫొటోలూ కాంటాక్ట్‌లూ కాపీ చేసుకోండి. వైఫై లేని ఫోన్‌లో ఆన్‌లైన్ బ్యాకప్ చాలా రోజులుగా జరగకుండా ఆగిపోయి ఉండొచ్చు.